లాక్టోమీటరు ముంచి విన్న పాటలు

సికింద్రాబాదులో నాకు తెలిసిన ఒక విశ్రాంత వైద్యులున్నారు. ఇంగ్లండు నడిమి జిల్లాల ఆసుపత్రుల్లో చాలా కాలం పనిచేసి, తిరిగి వచ్చేటప్పుడు అందరిలా దుప్పట్లూ గాజు సామానూ కాకుండా రెండు పెట్టెల నిండా గ్రామఫోను రికార్డులు తెచ్చుకున్న రసజ్ఞులు. వారి దగ్గర ఇంగ్లండులోని కొవెంట్రీ ఊరి పాటల బృందం ది స్పెషల్స్ 1979లో విడుదల చేసిన మొదటి ఆల్బం ఉంది. అది అరిగి, అంచులు చిరిగి, అట్టకు మూడు చోట్ల టేపు అంటించుకుని, ముగ్గురు అన్నదమ్ముల చేతులు మారిన గైడులా ఉంది. పక్కనే అదే బృందం 1980 సెప్టెంబరులో తెచ్చిన రెండో ఆల్బం 'మోర్ స్పెషల్స్' ఉంది. అది మాత్రం అత్తగారు పెట్టిన నచ్చని పట్టుచీర బీరువాలో ఉన్నట్టు మడత నలగకుండా ఉంది. ఇదేమిటండీ, దీన్ని వినరా అని అడిగాను. వారు కళ్లజోడు తుడుచుకుంటూ, రక్తపరీక్ష ఫలితం చెబుతున్నంత శాంతంగా, "అందులో స్కా శాతం తక్కువండీ" అన్నారు.

శాతమట! స్కా అన్నది జమైకాలో పుట్టి, ఈ బృందం చేతిలో పడిన గంతుల సంగీతం. పాలలో వెన్న శాతం ఉంటుందని పాలకేంద్రంలో చూశాను. ధాన్యంలో తేమ శాతం పేరుతో రైతును ఎండలో నిలబెట్టడమూ చూశాను. పాటలో స్కా శాతం ఉంటుందనీ, అది ఒక గీత కిందికి పడిపోతే సరుకు వెనక్కి పంపవచ్చుననీ తెలియక, ఇన్నేళ్లూ ఈ ఆల్బమును అమాయకంగా చెవులతో వింటూ వచ్చాను.

ఈ తీర్పు వారొక్కరిదే అయితే కాఫీ తాగి వచ్చేసేవాణ్ణి. నలభై ఏళ్లకు పైబడి ఈ బృందం గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది ఇదే వరసలో నడుస్తున్నారు. మొదటి ఆల్బం మహత్తరం, 1981లో వచ్చిన 'ఘోస్ట్ టౌన్' పాట మహత్తరాతి మహత్తరం, మధ్యలోనిది కాలుజారిన సందర్భం. బ్రిటన్ అమ్మకాల పట్టికలో మొదటిది నాలుగో స్థానానికీ, రెండోది ఐదో స్థానానికీ చేరాయి. ఆ ఒక్క మెట్టు తేడాకు ఇంత శిక్ష వేసిన న్యాయస్థానం మరొకటి లేదు.

శాతం లెక్క ఎలా కడతారో తెలుసుకోవాలన్న జిజ్ఞాసతో వైద్యుల వారినే అడిగాను. తాళంలో దెబ్బ పడే చోట కాకుండా రెండు దెబ్బల నడుమ గిటారు 'చక్' మనాలి, అదే స్కా ప్రాణం అన్నారు. నిజమే. 1950ల చివర్లో కింగ్‌స్టన్‌లో జమైకా వాద్యకారులు అమెరికా రిథమ్ అండ్ బ్లూస్‌ను తమ చేతివాటానికి తిప్పుకుని పుట్టించిన నడక అది. అయితే ఆ జమైకావాళ్లే 1966 ప్రాంతంలో దాన్ని నెమ్మదింపజేసి రాక్‌స్టెడీ అన్నారు, మరో రెండేళ్లలో రెగే అన్నారు. కన్నవాళ్లే పదేళ్లు తిరగకుండా బట్టలు మార్చిన బిడ్డను, కొవెంట్రీలోని ఏడుగురు కుర్రవాళ్లు మాత్రం అదే లాగూతో, అదే ఎత్తులో కలకాలం నిలబెట్టి ఉంచాలట. రెండో ఆల్బం మొదటి దాని తర్వాత పదకొండు నెలలకే వచ్చింది. మన ఇళ్లలో పదకొండు నెలల పిల్లవాడు లేచి నిలబడి తప్పటడుగులు వేస్తే అరిసెలు పంచి పేరంటాలు చేస్తాం. ఇక్కడ మాత్రం ఎందుకు కదిలావని తగవు.

నాకు అప్పుడప్పుడూ ఒక దృశ్యం కనిపిస్తుంది, చెప్పక తప్పదు. కొవెంట్రీలో ఒక కార్యాలయం. గోడకు ఆ బృందపు లేబులు గుర్తయిన నలుపు తెలుపు గళ్ల రంగు. బల్ల వెనుక స్కా పరిరక్షణాధికారి. బయట బెంచీ మీద చేతిలో ట్రాంబోన్ పెట్టెతో రికో రాడ్రిగెజ్ గారు కూర్చుని ఉన్నారు. 1934లో హవానాలో పుట్టి, కింగ్‌స్టన్‌లో పెరిగి, ఎందరో జమైకా వాద్యకారులను తయారుచేసిన ఆల్ఫా బాయ్స్ స్కూలులో చదివి, స్కా పుడుతున్న గదుల్లోనే ఊపిరి పట్టి ఊదిన మనిషి. 1961లో ఇంగ్లండు చేరాడు. 1967లో డాండీ లివింగ్‌స్టన్ రికార్డు చేసిన 'రూడీ' పాటలో ట్రాంబోన్ ఇతనిదే. పన్నెండేళ్ల తర్వాత అదే పాటను స్పెషల్స్ మళ్లీ పాడినప్పుడు, ఆ ట్రాంబోన్ కూడా ఇతనిదే. రెండో ఆల్బములోనూ బాకా వాద్యకారుడు డిక్ కథెల్‌తో కలిసి ఊదినవాడితనే.

"పేరు?" అంటాడు అధికారి, తల ఎత్తకుండా. కాగితం అందుతుంది. "వృత్తి, ట్రాంబోన్. బాగానే ఉంది. స్కా అనుభవ ధ్రువపత్రం జత చేశారా? గెజిటెడ్ అధికారి సంతకం ఏది? రెండు ఫొటోలు పెట్టమంటే రంగు ఫొటోలు పెట్టారేమిటి, నలుపు తెలుపే ఉండాలని బయట బోర్డు చూడలేదా?" రికో మాట్లాడడు. పెట్టె తెరుస్తాడు. అధికారి కంగారుపడి, "ఇక్కడ వాయించడానికి వీల్లేదు, నిశ్శబ్దం పాటించాలి" అంటాడు. అటెండరు టీ తెస్తాడు, అధికారికి మాత్రమే. కాగితాలు తిరగేస్తూ అధికారి ముఖం చిట్లిస్తాడు: "ఈ రెండో ఆల్బములో మీరు తాపీగా ఊదారని ఫిర్యాదు వచ్చింది. దుఃఖంగా ఉందని ఇద్దరు సాక్షులు చెప్పారు. స్కాలో దుఃఖం ఉండదని మీకెవరూ చెప్పలేదా? పోనీ, మూడు నెలల శిక్షణ ఉంది, మా సికింద్రాబాదు శాఖలో చేరండి." మధ్యాహ్న భోజన విరామం. కిటికీ మూసుకుంటుంది. ట్రాంబోన్ పెట్టె మూత మళ్లీ బిగుస్తుంది.

సరే, ఆరోపణల పత్రంలో రెండో అంశానికి వస్తాను. ఈ ఆల్బం రెండో వైపంతా లిఫ్టులో వినిపించే సంగీతంలా ఉందట. హోటల్ వరండాలో, విమానాశ్రయంలో, బట్టల దుకాణంలో ఎవరూ వినకపోయినా మోగుతూ ఉండే పాటలా ఉందట. ఇంత గొప్ప నేరపరిశోధన నేను ఎక్కడా చూడలేదు. దొంగ తన పేరూ చిరునామా తలుపు మీద సుద్దతో రాసిపెట్టి వెళితే, ఆరు నెలలు గాలించి పట్టుకున్నామని పతకం అడిగినట్టుంది. బృందాన్ని నడిపించిన, ఆర్గాన్ వాయించే జెర్రీ డామర్స్ కావాలనే ఆ సంగీతాన్ని తెచ్చాడు. ఇళ్లలో ముందు గదిలో పెట్టుకునే యమహా ఆర్గాన్‌నూ, మీట నొక్కితే దానంతట అదే తాళం వేసే పెట్టెనూ పట్టుకొచ్చి, ఆ చవక తీపినే ఆల్బమంతా పరిచాడు. 'డూ నథింగ్' పాటను విడిగా సింగిల్‌గా వేసినప్పుడు, దానికి కలిపిన కృత్రిమ తీగ వాద్యాలకు 'ఐస్ రింక్ స్ట్రింగ్ సౌండ్స్' అని పేరు పెట్టి లేబులు మీదే అచ్చు వేయించాడు. జారుడు మైదానంలో మోగే సంగీతమని తానే చాటుకున్నవాడిపై అదే నేరం మోపి నిరూపించడం ఎంత శ్రమ! అన్నట్టు ఈ డామర్స్ 1955లో పుట్టింది మన ఊటీలో. మన సినిమావాళ్లు దశాబ్దాలపాటు యుగళగీతాలకు వెళ్లి చలిలో వణుకుతూ నవ్విన ఊరు. అక్కడ పుట్టినవాడికి అందమైన ప్రకటనచిత్రం మీద నమ్మకం కుదరకపోవడంలో నాకైతే వింత కనిపించదు.

ఆ తీపి ఎందుకో పాటలోని మనిషిని చూస్తే తెలుస్తుంది. 'మ్యాన్ ఎట్ సి అండ్ ఎ' అనే పాట ఉంది. సి అండ్ ఎ అన్నది అప్పట్లో బ్రిటన్లో మధ్యతరగతి ఇళ్లవాళ్లు చొక్కాలూ కోట్లూ కొనుక్కున్న దుకాణాల వరస. ఆ దుకాణం కోటు వేసుకున్న మామూలు మనిషిని ఎవరూ ఏమీ అడగరు, అణుబాంబు మాత్రం అతని నెత్తినే పడుతుంది. ఇది కవి భయపడి కల్పించిందనుకుంటున్నారేమో. 1980 మేలో బ్రిటిషు ప్రభుత్వం 'ప్రొటెక్ట్ అండ్ సర్వైవ్' అనే చిన్న పుస్తకం అచ్చువేసి యాభై పెన్నీలకు అమ్మింది. అణుయుద్ధం వస్తే ఇంటి తలుపులు ఊడదీసి లోపలి గోడకు ఏటవాలుగా ఆనించాలి. వాటి మీద మట్టి నింపిన సంచులూ పెట్టెలూ పేర్చాలి. కిటికీ అద్దాలకు సున్నం పూయాలి. పద్నాలుగు రోజులకు సరిపడా తిండీ నీళ్లూ పెట్టుకుని, ఆ తలుపుల కింద కుటుంబమంతా దూరాలి. ప్రభుత్వమే ఇంత హాస్యం రాస్తున్న సంవత్సరంలో పాటగాడు చేయగలిగింది ఒక్కటే, హోటల్ వరండా సంగీతాన్ని నేపథ్యంలో పెట్టి ఊరుకోవడం. ఆల్బములో మొట్టమొదటి పాట 1949 నాటిది, ఆనందించండి, మీరనుకున్నదానికంటే పొద్దుపోయింది అని దాని సారాంశం. మొదటి వైపు అది గంతులేస్తూ వస్తుంది. రెండో వైపు చివర అదే పాట మళ్లీ వస్తుంది. ఈసారి అమెరికా నుంచి వచ్చిన గో-గోస్ బృందపు అమ్మాయిల గొంతులతో, నిద్ర చాలనివాళ్లు పెళ్లి పందిట్లో కూర్చుని పాడినట్టు, ఈడ్చుకుంటూ వస్తుంది. అదే పాట రెండు సార్లు ఎందుకు, జాగా చాలలేదా అని ఒకాయన నన్ను అడిగారు. రామాయణంలో సీతకు అగ్నిపరీక్ష అయ్యాక మళ్లీ అడవి ఎందుకని వారు అడిగినట్టు నేను వినలేదు.

ఆల్బములో లోపాలు లేవని నేననడం లేదు. 'హాలిడే ఫోర్ట్‌నైట్' అనే మాటల్లేని ముక్క, దాని పేరులోని సెలవుల్లాగే, వచ్చిందీ పోయిందీ గుర్తుండదు. గిటారు వాయించే రాడీ బయర్స్‌కు రాక్ అండ్ రోల్ కావాలి, డామర్స్‌కు లిఫ్టు సంగీతం కావాలి, ఆ లాగులాట అక్కడక్కడా వినిపిస్తుంది. కానీ బయర్స్ రాసిన 'హే లిటిల్ రిచ్ గర్ల్', గాయని రోడా డకార్ గొంతు కలిపిన 'పెర్ల్స్ కఫే', విమానంలో నవ్వుతున్న వ్యాపారుల మధ్య ఒంటరిగా బిగుసుకుని కూర్చున్నవాడి 'ఇంటర్నేషనల్ జెట్ సెట్', ఇన్ని ఉన్న పళ్లెంలో ఒక వడియం మాడిందని విస్తరి తిరగేసి లేచిపోతారా?

ఇక అసలు సంగతి. 'గంతులు వేయడానికి వీల్లేకుండా చేశారు' అనేది అన్నిటికంటే గట్టి ఫిర్యాదు. గంతులు వేసినవాళ్లెవరో ఒకసారి చూద్దాం. ఐదుగురు తెల్లవాళ్లూ ఇద్దరు నల్లవాళ్లూ కలిసి నిలబడి, రెండు రంగులూ ఒకటేనని 'టూ టోన్' పేరుతో లేబులు పెట్టి, జాతివిద్వేషానికి ఎదురుగా పాడుతుంటే, వేదిక కిందికి జాతివిద్వేష పార్టీ నేషనల్ ఫ్రంట్ మూకలు వచ్చి హిట్లరు వందనం చేసి, ఆ పాటలకే ఎగిరి వెళ్లాయి. తాళం బాగుందట! ఆ బృందంలో గిటారు వాయించే లిన్‌వాల్ గోల్డింగ్‌ను 1980లో లండన్‌లో ఒక కచేరీ బయట, అతని చర్మం రంగు చూసి కొట్టారు. కేంబ్రిడ్జిలో కచేరీ మధ్య కొట్లాట ఆపబోయినందుకు డామర్స్‌నూ గాయకుడు టెర్రీ హాల్‌నూ పోలీసులు పట్టుకెళ్లారు, జరిమానా పడింది. 1980 ఆగస్టులో బ్రిటన్‌లో నిరుద్యోగులు ఇరవై లక్షలు దాటారు. ఆ నెలలోనే కొవెంట్రీలో ట్రయంఫ్ వాళ్ల కాన్లీ కర్మాగారంలో కార్ల బిగింపు ఆగిపోయింది. తర్వాతి ఏప్రిల్‌లో ఆ ఊరి నడిబొడ్డున, పట్టపగలు, అంగళ్ల మధ్య, భారత సంతతి విద్యార్థి ఒకణ్ణి పొడిచి చంపారు. ఆ పిల్లవాడి కోసం, జాతివిద్వేషానికి వ్యతిరేకంగా, జూన్‌లో బట్స్ స్టేడియంలో కచేరీ చేసింది ఈ బృందమే. ఊరు ఇలా ఉండగా, ఆ ఊరి కుర్రవాళ్లు పొట్టి ప్యాంట్లు వేసుకుని మోకాళ్లు ఎగరేస్తూ మీకు ఇంకో పదకొండు ఉల్లాసగీతాలు వడ్డించలేదని మీకు కోపమా? ఎవరి సరదా కోసమయ్యా? దెబ్బలు తిన్నవాడు నెమ్మదిగా నడిస్తే నడకలో ఉత్సాహం తగ్గిందని మార్కులు తీసేసే మనిషికి సంగీతంతో ఏం పని, గడియారం పెట్టుకుని గుర్రప్పందేలకు పోరాదూ?

క్షమించాలి. వ్యాసం మర్యాదగా మొదలుపెట్టాను.

'ఘోస్ట్ టౌన్' సంగతి కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే నాకు నిజంగా అర్థం కానిది అదే. 1981 జూలైలో ఇంగ్లండు నగరాలు అల్లర్లతో తగలబడుతుండగా మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచిన ఆ పాటను వినని విమర్శకుడు లేడు, దానికి దండం పెట్టని స్కా పరిరక్షకుడూ లేడు. వణికే ఆర్గాన్, తాపీ నడక, పాడుబడిన ఊళ్లో గాలిలా రికో ట్రాంబోన్. ఇవన్నీ ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? తొమ్మిది నెలల ముందు, మీరు బీరువాలో పెట్టిన ఆ రికార్డు రెండో వైపున, ఒక్కొక్కటిగా పేర్చి చూపించినవే కదా. చింతపండు చూసి ముఖం చిట్లించి, పులిహోర మాత్రం రెండోసారి వడ్డించుకునే భోక్తలకు నేనేం చెప్పగలను.

ఇదంతా వైద్యుల వారితో అన్నాను, ఇంతకంటే చాలా వినయంగా. వారు సాంతం విని, బీరువా తెరిచి, "మీకంత ఇష్టమైతే తీసుకువెళ్లండి, నాకు జాగా కలిసివస్తుంది" అని 'మోర్ స్పెషల్స్'ను నా చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి వెలుతురుకు పట్టి చూశాను. మొదటి వైపు తొలి పాట సగం దాకా సూది నడిచిన ఆనవాళ్లున్నాయి. ఆ తర్వాత లేవు. రెండో వైపు నల్లగా, నున్నగా, అద్దంలా ఉంది, నా ముఖం కనిపించింది. వాళ్లావిడ ఉగాదికి ఇల్లు దులిపినప్పుడు తుడిచినట్టున్నారు. రాత్రి పదిన్నరకు సూది దించాను. చివరి పాట, ఆ నిద్ర చాలని అమ్మాయిల పాట, లోపలి చుట్ల దాకా వచ్చేసరికి పక్క వాటాలో తలుపు చప్పుడైంది. చేతి కంగారులో సూది జారి, ఆ వైపు మొదటి గీత నా వల్లే పడింది.