కట్నం లేని జబ్బుకి రెండో పెళ్ళి మందు

మా వీధి చివర ఒక ఆసామి గారున్నారు. పేరు అక్కర్లేదు, మీ వీధి చివరా ఒకరుంటారు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు, రెండంతస్తుల మేడ, గేటు దగ్గర ఒక ల్యాబ్రడార్. ఆమధ్య బోదకాలు మాత్రలు పంచే ఆశా వర్కరు ఎండలో నిలబడి, గేటు తీయించుకుని, ఆయన చేతిలో మూడు డీఈసీ, ఒక ఆల్బెండజోల్ పెట్టి, "నా ఎదురుగానే మింగాలండీ, అలా చూసి రాసుకోమన్నారండీ" అంది. ఆయన మాత్రల్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గేదెలకేసే మందు కదమ్మాయ్ ఇది, నాకు పెడతావేంటి" అన్నారు. ఆ అమ్మాయి రిజిస్టరులో తలపెట్టిన క్షణంలో నాలుగింటినీ మందారం కుండీలో పడేసి, మంచినీళ్ళు మాత్రం తాగి, మూతి తుడుచుకున్నారు. ఆ మందారానికి ఈ జన్మలో ఫైలేరియా రాదు.

అదే గేటు దగ్గరున్న కుక్కకి ఒక పుస్తకం ఉంది. నులిపురుగుల మందు ఏ తేదీన పెట్టారో, మళ్ళీ ఏ తేదీన పెట్టాలో డాక్టరు గారి స్టాంపుతో సహా అందులో ఉంటుంది. చెరువులో రొయ్య ఒక పూట మేత తినకపోతే వలలో పట్టి, పొట్ట చూసి, పేగు చూసి, నీళ్ళు సీసాలో పట్టి ల్యాబుకి పంపిస్తారు. గేదెకి ఇంజక్షనూ సమయానికే పడుతుంది. ఆ ఆవరణలో పురుగు మందు లేకుండా స్వేచ్ఛగా తిరుగుతున్న ప్రాణి ఆయనొక్కరే.

సరే, పెద్దమనిషి ఆరోపణ చేశారు కాబట్టి విచారణ జరపడం మన ధర్మం. మొదటి ముద్దాయి డీఈసీ. ఇది గేదెల మందు కాదు. దీన్ని వెలికితీసిన లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ పరిశోధన బృందానికి పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఆయన 1895లో పుట్టింది ఈ భీమవరంలోనే. అంటే ఆసామి గారు కుండీలో వేసింది సొంత ఊరివాడి పనితనాన్ని. ఆ మందు కోసం వేట ఎందుకు మొదలైందంటే, రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్ళిన అమెరికా సైనికుల్లో వేలమందికి ఫైలేరియా అంటుకుంది. అంతకు ముందు తరతరాలుగా మన కాలవ గట్ల మీద బోదకాళ్ళు ఈడ్చుకుంటూ నడిచినవాళ్ళ కోసం ఎవరికీ అంత తొందర పుట్టలేదు. ఆ కాలు అమెరికా బూటులో పట్టకుండా పోయాకే 1947లో మందు బయటికొచ్చింది. ఇంకో ముచ్చట, తర్వాత ఇదే డీఈసీని కుక్కల గుండెలో పురుగు పడకుండా రోజూ పెట్టారు. కాబట్టి ఆయ్, మీరనుకున్నది తిరగబడింది. మన మందే కుక్కగారు ఎంగిలి చేశారు.

రెండో ముద్దాయి ఆల్బెండజోల్. ఇది నేరం ఒప్పుకుంటుంది, మొదట పశువుల మందే. వీటికి తోడుగా 2017 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ కలపమంటున్న మూడోది, ఐవర్‌మెక్టిన్, అదీ ఒప్పుకుంటుంది. జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి పుట్టి, 1981లో పశువుల మార్కెట్లోకి దిగి, ఆవులూ గుర్రాలూ బాగా కొనుక్కున్నాక, మెర్క్ కంపెనీ 1987లో ఆఫ్రికాలో కళ్ళు పోగొట్టే రివర్ బ్లైండ్‌నెస్‌కి ఉచితంగా ఇస్తామంది. మంచి పనే, కాదనను. ఆ మందు తెచ్చిన ఇద్దరికి 2015లో నోబెల్ కూడా వచ్చింది. కానీ ఈ గేదెల మందు మీద ఆసామి గారికి అసహ్యం ఎప్పుడు పుట్టిందో నాకు అర్థం కాదు. 2021లో కరోనా టెన్షన్‌లో మెడికల్ షాపు షట్టరు సగం లేపించి మరీ ఈ ఐవర్‌మెక్టిన్ స్ట్రిప్పులు స్ట్రిప్పులు కొన్నది వారే. ఆ రోజున అది గేదెల మందు కాదు, ప్రాణదాత. పనిచేయని మందు డబ్బిచ్చి మింగుతారు, పనిచేసే మందు ఉచితంగా ఇస్తే కుండీలో వేస్తారు.

"మనకి సెకండ్ హ్యాండు మందులా?" అని ఆయన బాధ. బాబూ, సెకండ్ హ్యాండుది రావడానికే ఎంత తతంగం ఉందో తెలుసా? చూపిస్తాను రండి, పెళ్ళిచూపులు జరుగుతున్నాయి.

పాలకొల్లు వైపు ఒక పెంకుటిల్లు. అరుగు మీద పెళ్ళిళ్ళ పేరయ్య, చంకలో గొడుగు. లోపల ముగ్గురు పెళ్ళికూతుళ్ళు తల వంచుకుని కూర్చున్నారు. బీహార్ నుంచి జ్వరంతో ప్లీహం ఉబ్బించే కాలా అజార్, ఆఫ్రికా నుంచి నిద్ర జబ్బు, లోకల్ అమ్మాయి బోదకాలు. మగపెళ్ళివారు, అంటే మందుల కంపెనీ వాళ్ళు, ఏసీ కారు దిగి, ఆత్రేయపురం పూతరేకులు రెండేసి తిని, మూడోది చేతిలో పట్టుకుని అసలు ప్రశ్న వేశారు, "పిల్ల తరఫున ఏమాత్రం పెడతారు?" పేరయ్య నసిగాడు. "రోగులంతా కూలీ జనం అండీ, మట్టి గోడల ఇళ్ళు, మందు ఖరీదు వినగానే జ్వరం వస్తుందండీ, కానీ సంఖ్యకి లోటు లేదండీ, లక్షల్లో..." మగపెళ్ళివారు గడియారం చూసుకున్నారు. ఎదురింట్లో బట్టతల, పక్కింట్లో ముఖం మీద ముడతలు, ఆ పైన మేడలో కుక్కకి పట్టిన గోమార్లు, అక్కడ వరుల క్యూ వీధి మలుపు దాటింది. "జాతకాలు చూసి కబురు చేస్తాం" అన్నారు. ఈ మాటకి అర్థం ఏ ఆడపిల్ల తండ్రినడిగినా చెబుతాడు.

అప్పుడు పేరయ్య గొంతు తగ్గించి, "ఒక రెండో సంబంధం ఉంది" అన్నాడు. పిల్ల తల్లి కళ్ళొత్తుకుంది.

లోపలికొచ్చాడు మిల్టిఫోసిన్. రొమ్ము క్యాన్సర్‌ని కట్టుకుందామని వెళ్ళాడు, అక్కడ పెద్దగా కలిసి రాలేదు, చర్మం మీద పూతగా మిగిలాడు. కాలా అజార్ పిల్లని చూడగానే సరే అన్నాడు. 2002లో మన దేశంలోనే ముహూర్తం, నోటితో మింగే మొదటి కాలా అజార్ మందు. ఒకే ఒక్క చిక్కు, కడుపులో బిడ్డకి హాని చేస్తాడు, గర్భిణులకి పనికిరాడు. ఆ వెనకాల యాంఫోటెరిసిన్ తాతగారు, బూజు తెగుళ్ళతో సంసారం చేసి వచ్చినవాడు. ఆ వెనక పారోమోమైసిన్, పాత యాంటీబయాటిక్. కుర్రాడు ఒక్కడూ లేడు. అయినా ఇంటిల్లిపాదీ దణ్ణం పెట్టి తీసుకెళ్ళారు, ఎందుకంటే వీళ్ళ వల్ల మనుషులు బతికారు.

ఇక మన బోదకాలు అమ్మాయికి డాక్సీసైక్లిన్ అనే సంబంధం ఉంది. మొటిమలకి కూడా రాసే మాత్ర. బోద పురుగు ఒంట్లో వోల్‌బాకియా అని ఒక బ్యాక్టీరియా కాపురముంటుంది, అది లేనిదే పురుగుకి సంతానం లేదు, బతుకూ లేదు. డాక్సీ ఆ బ్యాక్టీరియాని చంపితే పెద్ద పురుగే మెల్లగా చస్తుంది. కాకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు రోజూ మింగాలి, చిన్నపిల్లలకీ గర్భిణులకీ కుదరదు, ఊరంతటికీ పంచలేం. పైగా పేటెంటు లేని చవక మాత్ర, ఈ సంబంధం కుదిరిస్తే పేరయ్యకి కమీషన్ ఏముంటుంది?

ఇంతవరకు నవ్వుకున్నాం. ఆఖరి వరుడి సంగతి చెప్పేటప్పుడు నాకు నవ్వు రాదు.

ఇఫ్లోర్నిథిన్. ఇదీ క్యాన్సర్ కోసం తయారైందే, పనికిరాలేదు. ఆఫ్రికా నిద్ర జబ్బుకి పనిచేసింది, ఎంతగానంటే స్పృహ లేకుండా పడున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. అంతకు ముందు ఆ జబ్బు మెదడుకెక్కితే దిక్కు మెలార్సోప్రాల్, ఆర్సెనిక్‌తో చేసింది, నరంలోకి ఎక్కిస్తే మంట, వేయించుకున్న ప్రతి ఇరవై మందిలో ఒకరిని ఆ మందే చంపేది. 1990లో ఇఫ్లోర్నిథిన్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. కొన్నాళ్ళకే తయారీ ఆపేశారు. మందు పనిచేయక కాదు, కొనేవాడు లేక. ఉన్న నిల్వలు అయిపోతుంటే జనం మళ్ళీ ఆర్సెనిక్ దగ్గరికే వెళ్ళారు. ఇంతలో తెలిసిందేమిటంటే, ఈ మందు ముఖం మీద రాస్తే ఆడవాళ్ళ పైపెదవి మీద వెంట్రుకల పెరుగుదల నెమ్మదిస్తుందట. 2000లో క్రీముగా అమెరికాలో అనుమతి. మూలపదార్థం దొరికింది, ఫ్యాక్టరీ దొరికింది, ప్రకటనలకి డబ్బు దొరికింది! సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థ ఎమ్మెస్సెఫ్ లాంటివాళ్ళు సిగ్గు లేదా అని గొంతు చించుకుంటే, 2001లో అవెంటిస్ కంపెనీ మందు దానంగా ఇస్తానని ప్రపంచ ఆరోగ్య సంస్థతో ఒప్పందం చేసుకుంది. కోమాలో ఉన్న మనిషి ప్రాణం బరువు, పైపెదవి మీది నూగు బరువు, రెండూ తక్కెట్లో వేస్తే తక్కెడ ఎటు మొగ్గిందో చూశారుగా. దీన్ని మార్కెట్ అంటారట. మా ఊళ్ళో దీనికి ఇంకో మాట ఉంది, అచ్చు వేయరు.

కట్నం కథ అక్కడితో అయిపోలేదు. ఇలాంటి జబ్బులకి మందు తెచ్చినవాళ్ళకి ప్రోత్సాహంగా అమెరికా 2007లో ఒక వోచరు పెట్టింది. ఆ కాగితం చూపిస్తే మీ ఇంకో మందు దరఖాస్తుని త్వరగా చూస్తారు, కావాలంటే ఆ కాగితాన్ని అమ్ముకోవచ్చు. 2014లో మిల్టిఫోసిన్‌కి అమెరికాలో అనుమతి తెచ్చుకున్న నైట్ థెరప్యూటిక్స్ అనే కంపెనీకి ఒకటి వచ్చింది, దాన్ని ఇంకో మందుల కంపెనీ గిలియడ్‌కి 12.5 కోట్ల డాలర్లకి అమ్ముకుంది. అప్పటికి పన్నెండేళ్ళ కిందట బీహార్‌లో అయిపోయిన పెళ్ళికి అమెరికాలో కట్నం పుచ్చుకున్నారన్నమాట.

అలాగని అటక ఎక్కి వెతికేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. 1980ల్లో హెక్స్ట్ కంపెనీ పక్కన పడేసిన ఫెక్సినిడజోల్‌ని డీఎన్‌డీఐ అనే లాభాపేక్ష లేని సంస్థ మళ్ళీ తీసి దులిపింది, 2018లో నిద్ర జబ్బుకి మింగే మాత్రగా యూరప్ నిపుణుల ఆమోదం వచ్చింది. దుమ్ము దులపడానికి కట్నం అక్కర్లేదు, ఎక్కాలనే బుద్ధి చాలు.

మా వైపు యనమదుర్రు డ్రెయిను దగ్గర సాయంత్రం నిలబడి చూడండి, ఫైలేరియా మోసే క్యూలెక్స్ దోమకి అంతకంటే మంచి పురిటిల్లు దొరకదు. అక్కడికి దగ్గర్లోనే రొయ్యలు ఒలిచే ఒక షెడ్డు. అందులో పనిచేసే ఒక పెద్దావిడకి ఎడమ కాలు బోద. మధ్యాహ్నం అన్నం ముందు కాలు కడుక్కుని, పాత పంచె చింపిన గుడ్డతో వేలికీ వేలికీ మధ్య, మడత విప్పి మడతలో, తడి లేకుండా అద్దుకుంటుంది. తడి మిగిలితే పుండు, పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టి వణుకుడు జ్వరం, నాలుగు రోజుల కూలీ పోయినట్టే. మాత్రలు మింగుతున్నావా అమ్మా అంటే, "మింగుతున్నాను బాబూ, కాలు తగ్గదని డాక్టరమ్మ చెప్పింది, నా ఒంట్లోది దోమ ఇంకొకళ్ళకి మొయ్యకుండా ఉంటుందంటగా" అంది. పెద్ద చదువు లేని ఆవిడకి తెలిసిన ఈ ముక్క మేడల్లో ఎందుకు తెలియదని నాకు మండుతుంది. ఆ షెడ్డులో రొయ్యకి ఎంత భోగమో చూడండి, దాని ఒంట్లో యాంటీబయాటిక్ చుక్క మిగిలిందేమోనని యూరప్ దాకా ల్యాబుల్లో వెతుకుతారు. దాన్ని ఒలిచే మనిషి రక్తంలో పిల్ల పురుగుందా అని చూడాలంటే రాత్రి పది దాటాక, పురుగు పైకొచ్చే వేళకి, సూది పట్టుకుని రావాలి. ఎవరొస్తారు?

ఆవిడ అడిగింది ఏ కంపెనీ కనిపెట్టక్కర్లేనిది. సబ్బు, పొడి తువ్వాలు, కాలు పైకి పెట్టుకుని కూర్చుని ఒలవడానికి రెండు స్టూళ్ళు. స్టూళ్ళ సంగతి కాంట్రాక్టరు గారిని నేనే అడిగాను. "కూచుంటే చెయ్యి నెమ్మదిస్తుందండీ" అన్నారు.