పొగ పోసి దానికి స్కాచ్ ఏల్ అని పేరు పెట్టకండి

మొన్న శనివారం ఎడిన్‌బరోలో, లీత్ దగ్గర ఒక చిన్న బార్‌కి వెళ్లాం. నాతో పాటు ఈ మధ్యే గుంటూరు నుంచి చదువుకోడానికి వచ్చిన తమ్ముడొకడు ఉన్నాడు. పలక మీద సుద్దతో "పీటెడ్ స్కాచ్ ఏల్, 8 శాతం" అని రాసి ఉంది. స్కాచ్ ఏల్ అంటే స్కాట్లాండ్ తరహా ఘాటైన తీపి బీరు, పీటెడ్ అంటే పీట్ అనే మట్టి పొగ పట్టించినది, 8 శాతం ఆల్కహాల్. ఏమిటని అడిగితే, ఇది స్కాట్లాండ్ పాతకాలపు పద్ధతి, తాతముత్తాతల నాటి రుచి అని చెప్పారు. చెరొక చిన్న గ్లాసు తీసుకున్నాం.

రంగు చూస్తే మనసు నిండిపోయింది. తోమిన రాగి చెంబుని దీపం వెలుగులో చూసినట్టుంది. అంచున పల్చగా గోధుమరంగు నురగ. ముక్కు దగ్గర పెట్టుకోగానే మాత్రం టింక్చర్, తారు, తడిసిన బూడిద, అన్నీ ఒక్కసారే కొట్టాయి. తమ్ముడు ఒక గుక్క తాగి "అన్నా, కంపౌండర్ గది వాసనొస్తోంది" అన్నాడు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. మందుల వాసనకీ ఆ పొగకీ కారణం ఒకే జాతి రసాయనాలు, ఫినాల్స్.

పొగ అంటే నాకు పడదని కాదు. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో పెరిగినవాణ్ణి. కుంపటి మీద కాల్చిన వంకాయ పచ్చడికి ఆ పొగే ప్రాణం. కానీ అదే పొయ్యి మీద పాలు పొగచూరితే మా అమ్మమ్మ ఆ పూట కాఫీ పెట్టేది కాదు. పొగకి ఎక్కడ చోటుందో, ఎక్కడ లేదో ఆమెకి తెలుసు. ఈ బీరు చేసినవాళ్లకి ఆ తేడా తెలియలేదనే నా బాధ.

పీట్ అంటే బురద నేలల్లో నాచూ గడ్డీ సగం కుళ్లి, వేల ఏళ్లుగా పొరలు పొరలుగా పేరుకున్న మట్టి. దాన్ని ఇటుకల్లా కోసి, పిడకల్లా ఎండబెట్టి కాలుస్తారు. మొలకెత్తిన బార్లీని ఆ పొగ మీద ఆరబెడితే పీటెడ్ మాల్ట్. స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో ఆర్డ్‌బెగ్ విస్కీకి వాడే మాల్ట్‌లో ఫినాల్స్ దాదాపు 50 పీపీఎం దాకా, అంటే పది లక్షల వంతుల్లో 50 వంతులు, ఉంటాయి. ఆ లెక్క చూసి చాలామంది పొరపడతారు. ఆ 50 మాల్ట్‌లో ఉన్నది, సీసాలో ఉన్నది కాదు. మాల్ట్ నానబెట్టి రసం తీశాక మిగిలే పిప్పితో కొంత పోతుంది. బట్టీ పెట్టినప్పుడు ఇంకా చాలా పోతుంది. ఘాటైన పొగ చివర్లో దిగుతుంది కాబట్టి ఎక్కడ ఆపాలో బట్టీ దగ్గరి మనిషి చూసుకుంటాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పీపాలో నిద్ర. సీసాలోకి వచ్చేసరికి అందులో సగం కూడా మిగలదు.

బీరుకి ఆ పిప్పి తప్ప ఈ వడపోతలేవీ లేవు. మాల్ట్‌లోని పొగలో చాలా భాగం నేరుగా గ్లాసులోకి దిగుతుంది. పైగా స్కాచ్ ఏల్ తీపి బీరు, చేదు తక్కువ. పొగని అడ్డుకునేది ఏదీ లేక, ఆ తీపి మీద డెటాల్ పోసినట్టు నాలుక మీద కూర్చుంటుంది. ఇంగువ చిటికెడైతే చారు ఘుమఘుమలాడుతుంది, చెంచాడు వేస్తే కుండంతా పారబోయాల్సిందే. పీటెడ్ మాల్ట్ కూడా అంతే, నూటికి ఒకటి రెండు వంతులు దాటితే ఇంకేం వేసినా కనపడదు.

ఇక "తాతముత్తాతల రుచి" అన్న మాట. నాకు అసలు కోపం అక్కడే వచ్చింది. స్కాట్లాండ్‌లో బీరుకి పేరున్న ఊళ్లు ఎడిన్‌బరో, అల్లోవా. రెండింటికీ పక్కనే బొగ్గు గనులు. మాల్ట్ ఆరబెట్టడానికి బొగ్గూ, కోకూ (పొగ రాకుండా ముందే కాల్చిన బొగ్గు) దొరికే చోట పీట్ కోసం పాకులాడే అవసరం ఎవరికి? పీట్ ఎక్కువగా వాడింది కట్టే బొగ్గూ కరువైన ఉత్తరపు కొండల్లో, దీవుల్లో. అమెరికాలో బీరు పోటీలకి వాడే బీజేసీపీ నియమావళి కూడా స్కాటిష్ ఏల్స్‌లో పీట్ పొగ మాల్ట్ తగదనే చెబుతుంది. విస్కీ పేరుని చూసి బీరుకి పొగ తగిలించడం తర్వాత వచ్చిన మోజు. ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో విస్కీ మాల్ట్‌తో చేసిన ఆడెల్‌స్కాట్ అనే బీరు కూడా ఉంది. వాళ్లు చేసుకున్నారు, తప్పేం లేదు. కానీ దాన్ని ఇక్కడి తాతల నెత్తిన రుద్దడం అన్యాయం.

పొగ బీరు తాగాలనుంటే జర్మనీలో బాంబెర్గ్‌కి వెళ్లండి. అక్కడ బీరు చేసే ష్లెంకెర్లా వాళ్లు బీచ్ అనే చెట్టు కట్టెల పొగ మీద మాల్ట్ ఆరబెడతారు. కాల్చిన మాంసం వాసనొస్తుంది, మొదటి గ్లాసు కాస్త వింతగా ఉంటుంది, రెండోది స్నేహితుడవుతుంది. పొగ బీరు అని పేరు పెట్టే అమ్ముతారు. అక్కడ ఎవరూ మోసపోరు.

ఆ రాత్రి తమ్ముడు గ్లాసు సగంలో వదిలేశాడు. స్కాచ్ ఏల్ అంటే ఇంతే అనుకుని ఇంటికి వెళ్లాడు. నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఇక్కడికి కొద్ది దూరంలో, ఇన్నర్‌లీథెన్ అనే ఊరి దగ్గర ట్రాక్వేర్ హౌస్ ఉంది. పాత కోటలాంటి ఇల్లు. 1965లో ఆ ఇంటి యజమాని పీటర్ మాక్స్‌వెల్ స్టూవర్ట్, అటకెక్కిన పాత బీరు గదిని మళ్లీ తెరిచాడు. ఇప్పటికీ ఓక్ తొట్లలోనే పులియబెడతారు. అక్కడి స్కాచ్ ఏల్ 7.2 శాతం. బెల్లం పాకం ముదిరినప్పటి వాసన, ఎండు ఖర్జూరం, చివర్లో నాలుకని ఆరబెట్టే చిన్న వగరు. పొగ జాడే ఉండదు. చల్లగా తాగకూడదు, ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట ఆగాలి.

ఆ ఏల్ సీసా ఒకటి తెచ్చి అలమరాలో పెట్టాను. వచ్చే శనివారం తమ్ముణ్ణి భోజనానికి పిలిచాను.