ఆ ఫ్లెక్సీ ఎవరి కోసమండీ?

పొద్దున్నే మా సెంటర్లో కొత్త ఫ్లెక్సీ వెలిసింది. క్యాన్సర్‌తో పోయిన పిల్లాడికి ‘అశ్రునివాళి’ అట. కీమోకి జుట్టూడిపోయి, ఆస్పత్రి మంచం మీద ఉన్న ఫొటో. పైన నాయకుల తలకాయలు ఏడు. కింద దండం పెట్టే కుర్రాళ్లు పదిహేను మంది, అందులో నలుగురికి నల్ల కళ్లజోళ్లు. పాలు తెచ్చుకోవడానికి ఆ తల్లి వెళ్లాలన్నా అదే దారి. ఆమెని అడిగారా? స్కూల్ యూనిఫాంలో నవ్వే ఫొటో ఒక్కటి దొరకలేదా?

ఇక పరామర్శలు. కుర్చీలో కూలబడగానే “ముందే చూపించాల్సిందమ్మా”. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది బ్లడ్ క్యాన్సర్. మొదట్లో జ్వరం, పాలిపోవడం, కాళ్లు పీకడం, ఒంటిమీద కమిలిన మచ్చలు. వీటిని చూసి మీరైతే క్యాన్సర్ అనేసుకునేవారా? ఆర్ఎంపీ దగ్గర సూది వేయించి ఇంటికి తెచ్చుకునేవారు. చాలామంది పిల్లల్లో అది ఎందుకొచ్చిందో పెద్ద డాక్టర్లే చెప్పలేరు. గ్రహణంనాడు తల్లి కూర తరిగిందని తేల్చేసిన మేనత్తగారికి మాత్రం తెలిసిపోయింది, ఆయ్!

“ఇంకొకర్ని కనండి” అనేవాళ్ల గురించి రాస్తే బూతులొస్తాయి. వదిలేస్తున్నా.

ఆ ఇంట్లో చెల్లెలుందని ఎవరికైనా గుర్తుందా? “అన్నయ్య నిద్రపోయాడు” అని చెబుతారు, ఆ రాత్రి నుంచి పిల్ల నిద్రకి భయపడుతుంది. “దేవుడికి నచ్చి తీసుకెళ్లాడు” అంటే తననీ తీసుకెళ్తాడేమోనని గుడి గుమ్మమే తొక్కదు. చనిపోయాడనే చెప్పండి. ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, మళ్లీ రాడు, నువ్వు దెబ్బలాడినందుకు కాదు అని, అడిగిన ప్రతిసారీ అదే మాట. అంటుకుంటుందని మీ పిల్లల్ని ఆ చెల్లెలితో ఆడనివ్వకపోవడం ఇంకో ఘనకార్యం. క్యాన్సర్ అంటువ్యాధి కాదు మహాప్రభో.

సాయం చేయాలనుందా? పనులు బోలెడున్నాయి. ఆస్పత్రిలో పోతే మరణ నమోదు ఆ ఊళ్లోనే అవుతుంది, మన ఊరి సచివాలయంలో కాదు. 21 రోజుల్లోపు ఫీజు లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఆ కాగితం కోసం తండ్రి మళ్లీ అదే ఆస్పత్రి మెట్లెక్కాలా? ఆయనచేత ఉత్తరం రాయించుకుని మీరు వెళ్లండి. మిగిలిన కీమో మాత్రలు పంటకాలువలో పారేయొద్దు, మన అలవాటు అదేగా! చేతికి గ్లవుజు వేసుకుని కవర్లో కట్టి, ఇచ్చిన ఆస్పత్రికే తిరిగివ్వాలి. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ కూడా అంతే. “మా మామ్మకి మోకాళ్ల నొప్పులు, రెండివ్వండి” అని అడిగే మహానుభావులున్నారు. డోసు తెలియకుండా మింగితే ఊపిరే ఆగిపోవచ్చు. క్యారేజీలేమో పదకొండు రోజులూ రోజుకి ఆరు వస్తాయి, పన్నెండో రోజు నుంచి ఒక్కటీ రాదు. అసలు అన్నం దిగనిది అప్పుడే.

ఆ ఏడుగురు నాయకుల్నీ ఒకటి అడగాలి. క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్ టికెట్ ఉచితం, తోడు మనిషికి 75 శాతం రాయితీ. మన అమలాపురంలో రైలేదండీ, వాడుకోవడానికి? కాకినాడ నుంచి గోదావరి అవతలి ఒడ్డున కోటిపల్లి దాకా ఉన్న పట్టాలు 1940లో యుద్ధానికని పీకేస్తే మళ్లీ వేసింది 2004లో. అక్కడినుంచి గోదావరి దాటడానికి ఇన్నేళ్లు! ఎముకల్లో నొప్పితో ఉన్న పిల్లాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, ప్రతి గతుక్కీ వాడు అరుస్తుంటే, రాజమండ్రి దాకా బస్సులో వెళ్లాలి. కీమో నడుస్తుండగా జ్వరం 100.4 తాకితే వెంటనే ఆస్పత్రికి చేరాలి, చేరిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కాలి. లంక ఊళ్ల నుంచి అంత త్వరగా ఎక్కడికి చేరతాం? రావులపాలెం దాకానా? ప్రతి ఎన్నికకీ “రైలొచ్చేస్తోంది” అని బోర్డు మాత్రం కడతారు. బోర్డులు కట్టడంలో మనల్ని మించినవాళ్లు లేరు.

ఫ్లెక్సీ కుర్రాళ్లూ, మీలో ఇద్దరు నా ఫ్రెండ్స్ లిస్టులోనే ఉన్నారు. నాలుగు మూలలా నాలుగు తాళ్లు, కోయడానికి రెండు నిమిషాలు. సాయంత్రం ఆమె పాలకి బయల్దేరే లోపు తీసేయండి.