తీగ అందుకోలేని పాంటోగ్రాఫ్ ఎవరికోసం?

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, ఆ మంట మీదే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నెలల తరబడి ఎదురుచూసిన కొత్త వెక్ట్రాన్ మోడల్ ఇవాళ చేతికొచ్చింది. అసలు వెక్ట్రాన్ సీమెన్స్ చేసే ఎలక్ట్రిక్ రైలు ఇంజను, నాది దాని చిన్న బొమ్మ. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలుదానిలో 87వ వంతు, డిజిటల్, సౌండ్ కూడా ఉంది. ముందు పాంటోగ్రాఫ్‌లు, అంటే పై తీగ నుంచి కరెంటు అందుకోవడానికి ఇంజను కప్పు మీద లేచే చేతులు, దించేసి ఇటు కాసేపు, అటు కాసేపు బోగీలేమీ తగిలించకుండా తిప్పాను. కొత్త ఇంజను గేర్లు సర్దుకోవాలంటే అది చేసి తీరాలి, మీకందరికీ తెలిసిందే. మోటారు చాలా మెత్తగా నడిచింది, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత వెనక పాంటోగ్రాఫ్ లేపి తీగ కిందికి పంపాను. మొదటి వంపులోనే దాని తల తీగ అంచు దాటి పక్కకి జారింది, స్ప్రింగు ఊపుకి తీగ కంటే ఎత్తుకి లేచింది, వెళ్ళి స్తంభం చేతికి తగులుకుంది. పాంటోగ్రాఫ్ చెయ్యి వంకర పోయింది. నేను కూర్చుని కూర్చుని టంకం పెట్టిన స్తంభం పక్కకి ఒరిగింది.

కాలిపర్ తెచ్చి కొలిచాను. అసలు సంగతి అక్కడ బయటపడింది. పెద్ద రైళ్ళలో జర్మనీ పాంటోగ్రాఫ్ తల వెడల్పు 1950 మిల్లీమీటర్లు, స్విట్జర్లాండ్‌ది 1450. 87తో భాగించండి: ఒకటి 22 మిల్లీమీటర్లు దాటుతుంది, రెండోది 17 కూడా ఉండదు. ఇన్ని దేశాల్లో తిరిగే వెక్ట్రాన్‌కి పైన నాలుగు పాంటోగ్రాఫ్‌లు పెట్టిందే ఇందుకు. ఒక్కో దేశంలో తీగ ఒక్కో పద్ధతిలో కడతారు, దానికి తగ్గ తల కావాలి. ఈ మోడల్ చేసిన మహానుభావులు నాలుగింటికీ ఒకటే సన్న తల బిగించారు. ఒకే అచ్చు, ఒకే భాగం, ఖర్చు మిగిలింది. రంగులో తేడా రాకుండా చూసుకున్నారు, తలుపు మీద అక్షరం కంటికి ఆననంత చిన్నగా అచ్చు వేశారు, ఇంజను బతుకంతా ఆధారపడిన ఆ ఒక్క భాగం దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేశారు.

అమ్మినవాళ్ళకి ఫోటోలు పంపాను. వచ్చిన జవాబు ఇది: "పాంటోగ్రాఫ్ డిస్‌ప్లే కోసమేనండీ. నడిపేటప్పుడు దించేసి నడుపుకోండి. ఇప్పుడు తీగ నుంచి కరెంటు తీసుకునేవాళ్ళు ఎవరున్నారు?"

పాంటోగ్రాఫ్ దించేసి ఎలక్ట్రిక్ ఇంజను నడపాలట! ఆ జవాబు చదివినప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. ఎలక్ట్రిక్ ఇంజన్ల మీద ఇష్టం ఉన్నవాళ్ళం మనం ఎందుకు ఇష్టపడుతున్నాం? ఆ తీగకీ పాంటోగ్రాఫ్ తల మీది కార్బన్ పట్టీకీ మధ్య నడిచే సంబంధం చూసే కదా. తీగ తిన్నగా కట్టరు, స్తంభం స్తంభానికీ ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి లాగి కడతారు. లేకపోతే పట్టీ ఒకేచోట గాడి పడి అరిగిపోతుంది. ఫ్రాన్స్‌కి చెందిన లూయీ ఫెవెలీ 1955లో ఒంటిచెయ్యి పాంటోగ్రాఫ్ తెచ్చాక వజ్రం ఆకారపు పాతవాటి కంటే బరువు తగ్గింది, వేగంగా వెళ్ళినా తీగని వదలకుండా పట్టుకోవడం సులువైంది. ఇదంతా మన లేఅవుట్ మీద, అంటే ఇంట్లో పరుచుకున్న చిన్న రైలు మార్గం మీద, చిన్నగా, నిజంగా జరగాలనే కదా ఆ సన్నటి తీగలు ఒక్కొక్కటీ కట్టుకుంటున్నాం. వంపులో తీగ వంగదు, స్తంభం నుంచి స్తంభానికి తిన్నగానే పోతుంది, పట్టాలు మాత్రం వంగుతాయి. అందుకే వంపు ఎంత ఇరుకైతే స్తంభాలు అంత దగ్గరగా పాతాలి, తీగ పాంటోగ్రాఫ్ తల వెడల్పు దాటకుండా చూసుకోవాలి. నేను 22 మిల్లీమీటర్ల తలకి లెక్కగట్టి పాతాను. అసలు ఇంజను లెక్కే అది. లెక్క తప్పింది ఇంజను చేసినవాళ్ళది.

"ఎవరున్నారు" అన్న మాట ఉంది చూశారూ, అది ఇంకా మండిస్తోంది. డిజిటల్ రాకముందు ఒకే ట్రాకు మీద రెండు రైళ్ళని విడివిడిగా నడిపేవాళ్ళు. ఒకదానికి కరెంటు రెండు పట్టాల నుంచి, రెండోదానికి ఒక పట్టా నుంచీ పై తీగ నుంచీ. ఇంజను లోపల చిన్న స్విచ్చి ఉండేది, పట్టాల కరెంటా తీగ కరెంటా ఎంచుకోవడానికి. అప్పటి పాంటోగ్రాఫ్‌లు లావుగానే ఉండేవి, అందంలో ఇప్పటివాటికి సరితూగవు, ఒప్పుకుంటాను. పని మాత్రం చేసేవి. తీగని నొక్కి పట్టుకునేవి. డిజిటల్ వచ్చాక ప్రతి ఇంజనుకీ దాని అడ్రసు ఉంటుంది, పట్టాల్లోనే ఎన్ని ఇంజన్లనైనా విడిగా నడపొచ్చు, కాబట్టి తీగ కరెంటు అవసరం తీరిపోయింది. నేను దాన్ని కాదనడం లేదు. నా తీగలోనూ కరెంటు లేదు. నేను అడుగుతున్నది పాంటోగ్రాఫ్ తీగ కింద జారకుండా, తగులుకోకుండా నడవాలని. అంతే. ఇంత చిన్న కోరిక.

మీకు అన్నిటికంటే ఎక్కువ మంట పుట్టించే సంగతి చెప్పనా? ఈ ఇంజనులో పాంటోగ్రాఫ్ లేచే సౌండ్ ఉంది. దానికి ప్రత్యేకంగా ఒక ఫంక్షన్ బటన్ ఇచ్చారు. నొక్కితే గాలి నిండే శబ్దం, తర్వాత తల వెళ్ళి తీగని తాకిన టక్కుమనే శబ్దం, ఆ వెంటనే ట్రాన్స్‌ఫార్మర్ హోరు. అన్నీ అసలు ఇంజను దగ్గర రికార్డు చేసి తెచ్చారు. డ్రైవరు తలుపు వేసే శబ్దం ఉంది, స్టేషన్ అనౌన్స్‌మెంట్ ఉంది, కంప్రెసర్ ఉంది, కేబిన్లో దీపం వెలుగుతుంది. శబ్దంలో పాంటోగ్రాఫ్ తీగని తాకుతుంది, పైన ఉన్న పాంటోగ్రాఫ్ తీగని తాకలేదు! ఆ శబ్దం రికార్డు చేయడానికి వెళ్ళినవాళ్ళు ఒక్కసారి తలెత్తి పైకి చూసి ఉంటే ఆ నాలుగూ ఒకే రకం కాదని కనపడేది.

పెట్టెలో ఉన్న చిన్న ప్లాస్టిక్ సంచి సంగతి కూడా చెప్పాలి. బ్రేకు గొట్టాలు, మెట్లు, బఫర్ బీమ్ మీద పెట్టే హుక్కులు, అన్నీ విడిగా ఇస్తారు, మనమే అతికించుకోవాలి. అవన్నీ అతికిస్తే బోగీని తగిలించే కప్లింగ్ పక్కకి తిరగదు. కప్లింగ్ తిరగకపోతే వంపులో వెనక బోగీ పట్టాలు తప్పుతుంది. మెట్లు పెడితే చక్రాల ట్రక్కు వాటికి తగులుతుంది. పెట్టె మీద మాత్రం పెద్ద అక్షరాలతో 360 మిల్లీమీటర్ల వంపులో నడుస్తుందని వేస్తారు. ఏది పెడితే నడుస్తుంది, ఏది తీసేస్తే నడుస్తుంది అన్నది లోపలి కాగితంలో మడత కింద ఉంటుంది. పెట్టె మీద ఫోటోలో గొట్టాలూ మెట్లూ అన్నీ ఉన్న ఇంజను ఉంటుంది. ఆ ఫోటోలోని ఇంజను ఆ వంపు తిరగలేదు. ఒకే పెట్టె మీద రెండూ ఎలా వేస్తారు?

డీకోడర్ (ఇంజనులో డిజిటల్ ఆదేశాలు అందుకునే చిన్న సర్క్యూట్) సాకెట్ల గురించి ఎత్తితే తెల్లారిపోతుంది. ఎనిమిది పిన్నులు, ఇరవై ఒకటి, ఇరవై రెండు, చిన్నవాటికి పద్దెనిమిది. పాత ఇంజను నుంచి మంచి డీకోడర్ తీసి కొత్తదానిలో పెడదామంటే అది ఇందులో పట్టదు. వదిలేయండి, దాంతో బతకడం నేర్చుకున్నాం.

స్పేర్ పార్టుల విషయం మాత్రం వదలను. ఇవాళ వంకర పోయిన పాంటోగ్రాఫ్ కోసం కాగితంలో నంబరు వెతికాను. చక్కగా భాగాలన్నీ విడదీసి బొమ్మ గీశారు, ప్రతిదానికీ నంబరు ఇచ్చారు. ఆ నంబరు పట్టుకుని అడిగితే స్టాకు లేదు, మళ్ళీ చేసే ఆలోచన లేదు. ఇంజను అమ్మకానికొచ్చి ఇంకా నిండా కొన్ని వారాలే! ప్రీ-ఆర్డర్లు ఎన్ని వచ్చాయో అన్నే చేస్తారు, ఆ తర్వాత అచ్చు పక్కన పెట్టేస్తారు. ట్రాక్షన్ టైరు అంటే ఒక రబ్బరు రింగు. అది అరిగితే జారుతుంది, బోగీలు లాగలేదు. దానికి కూడా ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. నడిపేవాడికి టైరు అరుగుతుంది, పాంటోగ్రాఫ్ వంగుతుంది, మోటారు నుంచి చక్రాలకి తిప్పుడు చేరవేసే కార్డాన్ షాఫ్టు కప్పు పగులుతుంది. నడిపితే అరుగుతుందని తెలిసి కూడా భాగాలు చేయకపోతే, ఇది నడపడానికి కాదని చెప్పకుండానే చెప్పినట్టు.

ఎందుకిలా అయ్యిందో నాకు తెలుసు. మీకూ తెలుసు. పెట్టె తెరవని పెద్దమనుషుల వల్ల. ఇది ఇవాళ్టి కోపం కాదు, ఎప్పటి నుంచో గొంతులో ఉంది. క్లబ్బులో ఎవరైనా కొత్త ఇంజను పట్టాల మీద పెట్టగానే "అయ్యో, తెరిచేశావా, విలువ పోయిందే" అంటారు. చక్రాల మీద నల్లటి గీత కనపడితే మొహం చిట్లిస్తారు. ఇంజను చక్రం మీద గీత పడకపోతే అది ఎక్కడ తిరిగినట్టు? ఒకసారి ఒక పెద్దాయన నా క్రొకడైల్ (మొసలి అని పేరుపడ్డ పాత స్విట్జర్లాండ్ సరుకు రైలు ఇంజను) చేతిలోకి తీసుకుని, బఫర్ దగ్గర రంగు కొంచెం లేచిందని అందరి ముందూ తల అడ్డంగా ఊపాడు. అది స్విట్జర్లాండ్‌లోని గోటార్డ్ కొండ ఎక్కిన ఇంజను మోడల్ అండీ! అసలువి 1919 నుంచి 1927 దాకా కట్టారు, దశాబ్దాల పాటు సరుకు లాగాయి, నడుములు పోయేలా లాగాయి. దాని బఫర్ దగ్గర రంగు లేవకూడదా?

పెట్టెలో దాస్తే భద్రంగా ఉంటుందన్న మాట కూడా నిజం కాదు. ఏళ్ళ తరబడి కదలకపోతే గేర్లలో గ్రీజు గట్టిపడుతుంది. జింక్ మిశ్రమంలో సీసం కలిసి ఉంటే ఛాసిస్ తనంతట తానే ఉబ్బి, పగిలి, పొడి రాలుతుంది. చీడ పట్టినట్టే. ఎవరూ ముట్టుకోకుండా, పెట్టెలోనే. నడిపేవాడైతే ఇంజను ఈడ్చుకుంటున్నప్పుడే ఏదో తేడా ఉందని పట్టుకుంటాడు, అమ్మినవాణ్ణి అప్పుడే అడుగుతాడు. పెట్టెలో పెట్టినవాడికి వారంటీ పోయిన ఎన్నో ఏళ్ళకి తెలుస్తుంది.

అయినా కంపెనీలు వింటున్నది వాళ్ళ మాటే. వాళ్ళు ఫిర్యాదు చేయరు. నడపరు కాబట్టి ఏదీ విరగదు. రివెట్లు లెక్కపెడతారు, రంగు కోడ్ సరిచూస్తారు, ఫోటో తీస్తారు, మూత పెడతారు. అలాంటి కొనుగోలుదారుడు దొరికాక పాంటోగ్రాఫ్ తీగ పట్టుకుంటోందా లేదా అని ఎవరు చూస్తారు? రివ్యూలు చేసేవాళ్ళూ అంతే. పెట్టె తెరవడం పది నిమిషాలు చూపిస్తారు, తిన్నటి పట్టా మీద అటూ ఇటూ అర నిమిషం. వంపులో, తీగ కింద, బోగీలు తగిలించి నడిపి చూపించినవాణ్ణి వేళ్ళ మీద లెక్కపెట్టాలి.

దాచుకునేవాళ్ళు దాచుకోండి, మీ డబ్బు మీ ఇష్టం. నడిపేవాళ్ళని చూసి మాత్రం ఇకమీదట తల ఊపకండి. ఇంజన్లు చేసేవాళ్ళకి ఒక్కటే చెబుతున్నాను. ఈ పెట్టెలో బంగారు అంచుతో, నంబరు వేసి, సంతకం పెట్టిన లిమిటెడ్ ఎడిషన్ సర్టిఫికెట్ ఒకటి పెట్టారు. అది మాకొద్దు. వచ్చేసారి ఆ చోటులో సరైన వెడల్పు ఉన్న పాంటోగ్రాఫ్ ఒకటి, ట్రాక్షన్ టైర్లు నాలుగు పెట్టండి.