కాదార్ ఎవరి మీదా కక్ష సాధించలేదా?

ఈ వారంలో ఆ సందేశం నాకు రావడం ఇది నాలుగోసారి. పంపినవారంతా నేను గౌరవించే మిత్రులే. హంగరీని ముప్పై ఏళ్లకు పైగా ఏలిన కమ్యూనిస్టు నేత యానోష్ కాదార్ గురించి అది. 1956లో దేశాన్ని కాపాడాడట, ఎవరి మీదా కక్ష సాధించలేదట, ఆనాటి ప్రధాని ఇమ్రే నాగీని ఉరితీయించింది మాస్కోయేనట, అప్పు చేయకుండానే ప్రజల కడుపు నింపాడట, సాదాసీదాగా బతికాడట.

సాదాసీదాగా బతికాడన్నది నిజమే. చదరంగం ఆడుకుంటూ, ఆర్భాటం లేకుండా గడిపాడు. అంతటితో ఆ మాట వదిలేద్దాం.

అప్పు లేదన్నది పచ్చి అబద్ధం. 1968 సంస్కరణల తర్వాత హంగరీ దుకాణాల్లో పొరుగు దేశాల కంటే ఎక్కువ సరుకులు దొరికాయి. ఆ జీవన ప్రమాణాన్ని నిలబెట్టడానికి పాశ్చాత్య బ్యాంకుల దగ్గర తెచ్చిన అప్పు 1980ల చివరికి దాదాపు 2,000 కోట్ల డాలర్లకు చేరింది.

ఇక కాపాడిన సంగతి. 1956 నవంబరు 1న కాదార్ నాగీ ప్రభుత్వంలో మంత్రి. ఆ రోజు రేడియోలో, సోవియట్ పెత్తనం మీద హంగరీ ప్రజలు చేసిన తిరుగుబాటును కీర్తిస్తూ మాట్లాడి, ఆ రాత్రే మాయమయ్యాడు. తేలింది మాస్కోలో. నవంబరు 4న సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్ మీద పడ్డాయి. వాటి వెనకాలే వచ్చి గద్దెనెక్కాడు. దీన్ని కాపాడటం అంటారా?

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఆ కక్ష మాట. నాగీ యుగోస్లావియా రాయబార కార్యాలయంలో తలదాచుకున్నాడు. బయటికి వస్తే ఏ హానీ చేయబోమని కాదార్ లిఖితపూర్వకంగా హామీ ఇచ్చాడు. నవంబరు 22న నాగీ, అతని సహచరులు, వారి భార్యాబిడ్డలు బస్సెక్కారు. ఆ బస్సును సోవియట్ సైనికులు పట్టుకుపోయారు. వారిని రుమేనియాకు తరలించారు. రహస్య విచారణ తర్వాత 1958 జూన్ 16న నాగీని ఉరితీశారు. మాస్కోకు తెలియకుండా జరిగిందని నేను అనను. కానీ ఆ ఫిబ్రవరిలో విచారణను ఆపి వాయిదా వేయించింది మాస్కోయే. రద్దు చేయడానికి దొరికిన ఆ సమయాన్ని కాదార్ వాడుకోలేదు. శవాన్ని కుటుంబానికి ఇవ్వలేదు. 31 ఏళ్లపాటు ఆ మనిషికి పేరున్న సమాధి లేదు.

నాగీ ఒక్కడేనా? పేతెర్ మాన్స్‌ఫెల్డ్ తిరుగుబాటు నాటికి పదిహేనేళ్ల పిల్లవాడు. 1959 మార్చిలో, పద్దెనిమిది నిండిన పదకొండో రోజున ఉరితీశారు. ఆ తిరుగుబాటు పేరిట ఉరికంబమెక్కినవారు రెండు వందలకు పైనే. ఇది కక్ష కాకపోతే, మిత్రులారా, కక్ష అన్న మాటకు మీ నిఘంటువులో అర్థమేమిటి?

ఒకటి ఒప్పుకోవాలి. 1951లో సొంత పార్టీయే కాదార్‌ను జైల్లో పెట్టింది; 1954 దాకా బయటికి రాలేదు. తప్పుడు కేసు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. 1963లో క్షమాభిక్ష ప్రకటించి చాలామందిని విడుదల చేసింది కూడా అతనే. ఆ తర్వాతి ఏళ్ల నెమ్మదిని తలచుకుని అతని అంత్యక్రియలకు వెళ్లిన హంగరీవాసులను నేను తప్పుపట్టలేను.

1989 ఏప్రిల్‌లో, జబ్బుతో కుంగిపోయి, పార్టీ కేంద్ర కమిటీ ముందు తడబడుతూ మాట్లాడినప్పుడు అతను మళ్లీ మళ్లీ ఆ మనిషి దగ్గరికే వెళ్లాడు. నాగీ అన్న పేరు మాత్రం పలకలేకపోయాడు. కక్ష లేదన్న ఆ వాక్యాన్ని కొట్టేసి, మిగతాది కావాలంటే పంపుకోండి.