ఓడెక్కిన ముత్తాత

మా ముత్తాత అప్పన్న ఓడెక్కాడన్నది మా ఇంట్లో వేదవాక్కు. ఎక్కడికెళ్లాడు, ఎందుకెళ్లాడు అంటే మాత్రం ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెబుతారు. ఒడిశాలోని మా బరంపురంలో తెలుగువాళ్ల ఇళ్లలో ఇలాంటి తాత ఒకడు ఉండనే ఉంటాడు. మిగతావాళ్లు ఆయన్ని ఫొటోకి దండేసి వదిలేస్తారు. మా బాబాయ్ రిటైరయ్యాడు కాబట్టి వదల్లేదు.

దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి చెరకు తోటల కూలీలతో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 దాకా మన దేశం నుంచి అలా వెళ్లినవాళ్లు 1,52,184 మంది. ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటిమీద మచ్చలు, అన్నీ ఓడ జాబితాల్లోకి ఎక్కాయి. బాబాయ్ మొదట ఒడిశా అని వెతికి, ఏమీ దొరక్క బీపీ తెచ్చుకున్నాడు. ఈ ఊరు 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదని పిన్ని గుర్తుచేసింది. ఈసారి గంజాం జిల్లా అని వెతికితే, సింహాచలం దేవుడి పుణ్యమా అని అప్పన్నలు తండోపతండాలుగా వచ్చి పడ్డారు. తెల్ల గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడేమో, అందులో అపనలున్నారు, అప్పనాలున్నారు, అప్పుణ్ణులూ ఉన్నారు.

చివరికి ఒక అప్పన్న కుదిరాడు. తండ్రి పేరు రాములు, సరిపోయింది. వచ్చిన ఏడాది 1894. గుర్తు: ఎడమ పిక్క మీద మచ్చ.

ఇక చూస్కోండి, బాబాయ్ కనపడ్డవాళ్ల పంచె ఎత్తి పిక్కలు చూడ్డం మొదలెట్టాడు. మచ్చ ఒక్క మా బావకే దొరికింది. అది స్కూటర్ సైలెన్సర్ కాల్చిన మచ్చ, పైగా ఆయన ఈ ఇంటి అల్లుడు. "అయినా పోలిక ఉంది" అన్నాడు బాబాయ్.

సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టే రోజు అందరం చేరాం. అరటాకుల ముందు కొత్త పంచెలు, పసుపు బొట్లు, వాటి వెనక గోడంతా ఒక ఫ్లెక్సీ. దాని మీద స్విమ్మింగ్ పూలున్న పెద్ద టూరిస్టు ఓడ, కింద తెలుగులోనూ ఒడియాలోనూ 'నేటాల్ వీరుడు అప్పన్న'. బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "గాంధీగారు డర్బన్‌లో దిగింది 1893లో. మన తాత దిగింది ఆ మరుసటి ఏడాదే. ఇద్దరూ కలుసుకోకుండా ఉంటారా?" అని అందర్నీ ఓసారి చూసి, "ఒప్పందం అయిదేళ్లు. తిరుగు టికెట్ ఊరికే రావాలంటే పదేళ్లుండాలి. మన తాత పదేళ్లూ ఉండే వచ్చాడు, ఒక్క దమ్మిడీ ఖర్చు కాకుండా!" అని ముగించాడు.

ఎనిమిదో క్లాసు చదివే ఆయన మనవరాలు గారె నములుతూ అడిగింది. "మీ నాన్న జాతకంలో విళంబి సంవత్సరం అనుంది కదా తాతయ్యా. అంటే 1898. అప్పన్న తాత 1904 దాకా అక్కడే ఉంటే మరి..."

పిల్ల నోట్లో పిన్ని ఇంకో గారె కుక్కింది గానీ అప్పటికే ఆలస్యమైంది. అందరూ వేళ్ల మీద లెక్కేసుకుంటున్నారు. బావైతే ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాడు, రెండంకెల తీసివేతకి.

"ఏంట్రా!" అని పెద్దత్త లేచింది. మోకాళ్ల నొప్పులని వారం రోజులుగా మంచం దిగని మనిషి. "మా నాయనమ్మని పట్టుకుని ఏం కూస్తున్నావురా?"

"అది కాదక్కా, జాతకం తప్పయి ఉంటుంది..."

"జాతకం తప్పా? మా నాన్న పుట్టడం తప్పా?"

బాబాయ్ గాంధీగారిని వదులుకోలేడు, నాయనమ్మని అనలేడు. తాత మధ్యలో ఒకసారి సెలవు మీద వచ్చి ఉంటాడన్నాడు. చెరకు తోట కూలీకి సెలవేంటిరా, నీ ఆఫీసనుకున్నావా అని బావ నవ్వాడు. ఆయనకి పాయసం ఆలస్యంగా వచ్చింది.

పెద్దత్తే తీర్పు చెప్పింది. "ఆయన ఎవడో మనకనవసరం. మా తాత గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కి రంగూన్ వెళ్లేవాడు. మిల్లులో బియ్యం మూటలు మోసి, ఏటా ఇంటికొచ్చేవాడు. ఏటా!" అని చివరి మాట ఇంకోసారి గట్టిగా అంది.

మర్నాడు బాబాయ్ ఫ్లెక్సీ చుట్టుకుని బడాబజార్‌కి వెళ్లాడు. 'నేటాల్' మీద 'రంగూన్' స్టిక్కర్ అతికించడానికి కుర్రాడు రెండు భాషలకీ కలిపి వంద అడిగాడు. బాబాయ్ ఒడియాలో బేరమాడి అరవైకి ఒప్పించాడు. స్విమ్మింగ్ పూల్ తియ్యమంటే మాత్రం ఇంకో వంద అవుతుందట.

"ఉండనీలే" అన్నాడు బాబాయ్.