చేసివ్వకపోతే మానె, చేసుకోనివ్వండి

"మీ విలువైన సూచనకు ధన్యవాదాలు. దీన్ని సంబంధిత విభాగానికి పంపించాం."

మూడేళ్ళలో ఈ జవాబు నాకు నాలుగుసార్లు వచ్చింది. నాలుగోసారి వచ్చినప్పుడు పాత మెయిల్ తీసి పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు. ఆ సంబంధిత విభాగం ఎక్కడుందో, అందులో మనుషులున్నారో లేదో ఆ దేవుడికే తెలియాలి.

నేనేమన్నా రాకెట్ అడిగానా? టీవీ రిమోట్ అడిగాను.

మా టీవీ రిమోట్‌కి 44 బటన్లు. అమ్మకు కావాల్సినవి 5. ఆవిడకి 76 ఏళ్ళు, ఒక కంటికి చూపు తక్కువ, బొటనవేలు కాస్త వణుకుతుంది. సౌండ్ పెంచబోయి దాని పైనున్న 'సోర్స్' బటన్ నొక్కేస్తుంది. తెర మీద 'నో సిగ్నల్' అని వస్తుంది. ఇక ఆ పూటకి టీవీ లేనట్టే. నేను ఆఫీసులో ఉంటే ఫోన్ వస్తుంది: "ఏరా, టీవీ మళ్ళీ అలిగిందిరా." ఫోన్లో దారి చెప్పడం మొదలుపెడతాను. "అమ్మా, సోర్స్ అని ఉంటుంది చూడు, అది నొక్కు." "ఏ సోర్సురా, ఇక్కడన్నీ చీమ తలకాయలంత అక్షరాలు." పది నిమిషాలయ్యాక ఇద్దరికీ బీపీ పెరిగి, "పోనీలే, నువ్వొచ్చాకే చూద్దువుగానిలే" అని పెట్టేస్తుంది. ఆ 'పోనీలే' వినలేకే కంపెనీకి మొదటి మెయిల్ రాశాను.

పెద్ద బటన్ల రిమోట్లు దొరుకుతాయి కదా అని కామెంట్ పెట్టబోతున్నవాళ్ళు కాస్త ఆగండి. రెండు కొన్నాను. ఒకదానికి 18 బటన్లు. రెండోదాంట్లో అన్నీ పెద్దవే, నిజమే, సోర్స్ బటన్ కూడా పెద్దదే. అంతకు ముందు వేలికి ఎప్పుడో తగిలేది, ఇప్పుడు ప్రతిసారీ తగలడం మొదలైంది.

కంపెనీని తిట్టుకుంటూ కొన్నాళ్ళు గడిపాక, వాళ్ళ వైపు లెక్క కూడా ఒకటుందని అర్థమైంది. ప్లాస్టిక్ డొప్ప పోతపోయాలంటే ముందు ఉక్కు అచ్చు చేయించాలి. ఆ అచ్చుకయ్యే ఖర్చు పది రిమోట్లు తీసినా అంతే, పది లక్షలు తీసినా అంతే. దాని మీద టెస్టింగ్, సర్టిఫికెట్లు, అట్టపెట్టె, గోడౌన్, వారంటీ, రేపు పాడైతే ఫోన్ ఎత్తే మనిషి. ఇవన్నీ మా అమ్మ ఒక్కదాని కోసం పెట్టరు. మా అమ్మలాంటి అమ్మలు లక్షల మంది ఉన్నారని మనకు తెలుసు. కానీ వాళ్ళు రిమోట్ చూసి టీవీ కొనరు. పిల్లలు కొంటారు, తెర సైజు చూసి కొంటారు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. అడిగేవాళ్ళంతా కొనరు. చేతిలో ఇమిడే చిన్న ఫోన్ కావాలని జనం ఏళ్ళ తరబడి గోల పెట్టారా, ఆపిల్ 2020లో ఐఫోన్ 12 మినీ తెచ్చింది, 2021లో 13 మినీ తెచ్చింది. 2022 వరసకొచ్చేసరికి మినీ మాయం, దాని చోట పెద్ద తెర ప్లస్ వచ్చింది. చిన్న ఫోన్ కావాలని అరిచినవాళ్ళలో నేనూ ఒకడిని. కొన్నానా? లేదు. బ్యాటరీ చాలదని పెద్దదే కొన్నాను. నాలాంటి వాడి సూచనని సంబంధిత విభాగానికి పంపితే మాత్రం వాళ్ళేం చేస్తారు?

కాబట్టి అడిగిందల్లా చేసివ్వలేదని కంపెనీల మీద నాకిప్పుడు పెద్ద కోపం లేదు. కోపం వేరే చోట ఉంది. అక్కడికి వస్తాను. ముందు రిమోట్ సంగతి.

మొదటి ప్రయత్నం అట్టముక్క. రిమోట్ మీద అట్ట అంటించి, కావాల్సిన బటన్ల దగ్గర మాత్రం కిటికీలు కోశాను. కత్తెర, టేపు, పావుగంట. నవ్వకండి, నాలుగు నెలలు బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత టేపు జిగురు కారి సౌండ్ బటన్ కిందకి దిగి అక్కడే ఇరుక్కుపోయింది. సౌండ్ దానంతటదే పెరుగుతూ పోతోంది. అమ్మ భయపడి ప్లగ్ పీకేసింది.

అప్పుడు కూర్చున్నాను. నాకు ఎలక్ట్రానిక్స్ రావు, ఉద్యోగం అకౌంట్స్‌లో. కానీ ఈ రిమోట్ల భాష నేర్చుకోలేనంతదేం కాదు. రిమోట్ మన కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును సెకనుకు 38,000 సార్లు ఆర్పి వెలిగిస్తూ, ఆ మినుకుల్ని చిన్నా పెద్దా గుంపులుగా విడగొట్టి పంపుతుంది. చాలా టీవీలు వాడేది ఎన్ఈసీ పద్ధతి. ముందు 9 మిల్లీసెకన్ల పాటు ఒక పొడుగు కేక, 4.5 మిల్లీసెకన్ల మౌనం, తర్వాత 32 బిట్లు, అంటే సున్నాలూ ఒకట్లూ. అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ప్రతి మాటా ఒకసారి చెప్పి, వెంటనే అదే మాటను తిరగేసి మళ్ళీ చెబుతుంది. రెండూ పొసగకపోతే టీవీ పట్టించుకోదు. మా ఆఫీసు మీటింగుల్లో కూడా ఈ పద్ధతి పెడితే బాగుండు.

ఆ వెలుగును పట్టే మూడు కాళ్ళ రిసీవర్ ఒకటి తెచ్చి, పాత రిమోట్ దాని ముందు పెట్టి బటన్లు నొక్కితే కోడ్లన్నీ వరసగా కంప్యూటర్ తెర మీద పడ్డాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి. మూడేళ్ళు మెయిళ్ళు రాసి అడుక్కున్నది నా టేబుల్ మీద, ఒక కాగితంలో నాలుగు లైన్లు.

మొదటి రిమోట్ ఆర్డునో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో చేశాను. పనిచేసింది, మూడో రోజుకి చచ్చింది. సెల్స్ మార్చాను, మళ్ళీ మూడో రోజుకి చచ్చింది. బటన్ నొక్కినా నొక్కకపోయినా బోర్డు మేలుకునే ఉంటుంది, కరెంటు తాగుతూనే ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి అట్‌టైనీ85 అనే చిన్న చిప్పు తీసుకున్నాను. నిద్రపుచ్చితే అది వాడే కరెంటు మైక్రోఆంప్‌లోపే. కానీ దానికి ఎనిమిది కాళ్ళే. రెండు కరెంటుకి, ఒకటి రీసెట్‌కి, ఒకటి వెలుగు పంపే ఎల్ఈడీకి పోతే మిగిలేవి నాలుగు. నాకు కావాల్సిన బటన్లు ఐదు.

ఒకే కాలికి రెండు బటన్లు కలిపే ఉపాయాలున్నాయి. రెండు వారాలు వాటితో కుస్తీ పట్టి ఓడిపోయి, చివరికి అమ్మనే అడిగాను. "సౌండ్ రెండు, ఛానెల్ రెండు, ఆన్ ఆఫ్ ఒకటి. వీటిలో ఏది తీసేయమంటావ్?" ఆవిడ నా వంక వింతగా చూసి, "ఆ ఎర్ర బటన్ నేనెప్పుడన్నా నొక్కానట్రా? గోడ దగ్గర స్విచ్ ఆపేస్తాగా" అంది. మా టీవీ కరెంటు రాగానే తనే వెలిగే రకం. ఆవిడ రిమోట్‌తో టీవీ ఆపగా నేనెప్పుడూ చూడలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. ఒకే ఇంట్లో ఉంటూ! కంపెనీ వినడం లేదని మూడేళ్ళు ఏడ్చాను, నేను మాత్రం ఒక్కసారి అడిగానా?

డొప్ప త్రీడీ ప్రింట్ చేయించాను. 10 మిల్లీమీటర్ల బటన్‌కి 10 మిల్లీమీటర్ల కన్నం పెడితే దూరదని అప్పుడే తెలిసింది, చుట్టూ ఓ 0.3 వదలాలట. మొదటి డొప్ప పీఎల్ఏ ప్లాస్టిక్‌ది. ఎండలో ఆపిన కారులో మర్చిపోతే అప్పడంలా వంకర తిరిగింది. ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. రెండోది పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్‌తో చేయించాను. నాలుగు బటన్లు, ఒక్కోటి బొటనవేలంత, సౌండ్ గుండ్రం, ఛానెల్ చదరం, చీకట్లో తడిమినా తెలిసేట్టు. ఏడాదిన్నరగా సెల్స్ మార్చలేదు. 'నో సిగ్నల్' అమ్మ మళ్ళీ చూడలేదు.

ఇదంతా చదివి "చూశారా, ఎవరికి వాళ్ళు చేసుకోవచ్చు, అడుక్కోవడం ఎందుకు" అనే బ్యాచ్ ఒకటి తయారవుతుంది. వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. నాకు ఐదు నెలల వారాంతాలు ఖర్చయ్యాయి. చూపు బాగుంది, చేతులు వణకవు, కోడ్ సాయం చేయడానికి ఒక స్నేహితుడున్నాడు. మా అమ్మకి ఇవేవీ లేవు. అసలు అవసరం ఉన్న మనిషికి 'నువ్వే చేసుకో' అనడం తిట్టుతో సమానం. పైగా అన్నీ చేసుకోలేం కూడా. పెబుల్ అనే స్మార్ట్‌వాచీ కంపెనీ పెట్టిన ఎరిక్ మిగికోవ్‌స్కీ 2012లో జనం దగ్గర కోటి డాలర్లకు పైగా పోగేసి వాచీ చేసిన మనిషి. ఆయనకి కూడా చిన్న ఆండ్రాయిడ్ ఫోన్ కావాల్సొచ్చినప్పుడు, ఎవరైనా తయారు చేయండయ్యా అని 2022లో సంతకాలు సేకరించాల్సొచ్చింది.

ఇప్పుడు నా కోపం సంగతి. నా రిమోట్ ఎందుకు సాధ్యమైంది? నా తెలివి వల్ల కాదు. ఆ టీవీ ఎవరు ఏ డబ్బాలోంచి వెలుగు పంపినా వింటుంది కాబట్టి. తలుపు తీసి ఉంది, నేను లోపలికి వెళ్ళాను. మా పెదనాన్న వాళ్ళింట్లో కొత్త టీవీకి బ్లూటూత్ రిమోట్ వచ్చింది. దాని భాష నాకు దొరకలేదు, మాన్యువల్‌లో ఒక్క ముక్క లేదు. అక్కడ అదే సమస్య, అదే 'నో సిగ్నల్', నా రిమోట్ మాత్రం బొమ్మ.

డేనా లూయిస్ అని అమెరికాలో ఒకావిడ. టైప్ 1 డయాబెటిస్. రాత్రి షుగర్ పడిపోతే ఒంటి మీది గ్లూకోజ్ మానిటర్ అలారం కొడుతుంది, కానీ ఆవిడది మొద్దు నిద్ర, ఆ చప్పుడుకి మెలకువ రాదు. నిద్రలో షుగర్ పడిపోయి లేవకపోతే ప్రాణానికే ముప్పు. సౌండ్ పెంచమని తయారీదారులను అడిగింది. ఉన్న సౌండు చాలన్నట్టు జవాబొచ్చింది. 2013లో, డయాబెటిస్ ఉన్న ఒక పిల్లాడి తండ్రి మానిటర్‌లోంచి డేటా బయటికి తీసే కోడ్ పంచుకుంటే, దాంతో, తర్వాత తన భర్త అయిన స్కాట్ లైబ్రాండ్‌తో కలిసి గట్టిగా మోగే అలారం చేసుకుంది. అక్కడితో ఆగలేదు. ఏడాది తిరిగేసరికి ఇన్సులిన్ పంపును తనంతట తానే సర్దే ఏర్పాటు చేసుకుని, 2015లో ఓపెన్ఏపీఎస్ పేరుతో అందరికీ పంచింది. ఇలాంటి పని కొంతవరకు తనంతట తాను చేసే కంపెనీ పరికరానికి అమెరికాలో మొదటి అనుమతి వచ్చింది 2016లో.

ఇందులో నన్ను కుదిపేసిన ముక్క వేరే. ఆ ఏర్పాటు కొన్ని పాత మోడల్ పంపులతోనే పనిచేసేది, ఎందుకంటే వాటి రేడియోలో భద్రతా లోపం ఉంది. తర్వాతి మోడళ్ళలో కంపెనీ ఆ లోపం సరిచేసింది. సరిచేయడం తప్పని నేననను, బయటివాడు పంపులో వేలుపెడితే ప్రమాదమే. కానీ యజమానికి ఒక తాళంచెవి ఇవ్వకుండా తలుపు మూసేశారు. దాంతో జనం పాత పంపుల కోసం ఇల్లిల్లూ వెతుక్కున్నారు. కన్నం ఉన్న కుండ కోసం కొట్లాట.

1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ ల్యాబ్‌లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ అడిగింది కూడా ఇంత చిన్న విషయమే. కాగితం ఇరుక్కుంటే ప్రింటర్ ఆ సంగతి అందరికీ చెప్పాలి. పాత ప్రింటర్‌కి ఆ ఏర్పాటు తనే రాసుకున్నాడు. కొత్తదాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం అసలు రాత, అడిగితే ఇవ్వలేదు. ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కోసం 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఆ మంట ఉందని ఆయనే చెబుతుంటాడు. నలభై ఏళ్ళు దాటింది. పెబుల్ వాచీల సాఫ్ట్‌వేర్ మాత్రం, చేతులు మారి మారి గూగుల్ దగ్గరికి చేరి, 2025 జనవరిలో అందరికీ ఓపెన్ అయింది. మిగికోవ్‌స్కీ మళ్ళీ వాచీలు చేయడం మొదలుపెట్టాడు. ఆ కోడ్ విడుదల చేయడానికి ఉక్కు అచ్చులేమీ చేయించక్కర్లేకపోయింది.

అందుకే నేనిప్పుడు కంపెనీలకు రిమోట్ కావాలని రాయడం మానేశాను. కోడ్ల పట్టిక ఇవ్వండి, డొప్ప కొలతలు ఇవ్వండి, జిగురు బదులు స్క్రూలు పెట్టండి, తాళం వేస్తే చెవి నాకూ ఇవ్వండి అని రాస్తున్నాను. జవాబు? సంబంధిత విభాగానికి పంపించారు.

ఒక చిన్న సంగతి. సర్క్యూట్ బోర్డులు కనీసం ఐదు చేయించాలన్నారు కాబట్టి నా దగ్గర నాలుగు మిగిలాయి. రెండు రిమోట్లు చేసి తెలిసినవాళ్ళకి ఇచ్చాను. పక్కింటి పిన్నిగారు మొన్న తలుపు కొట్టారు. "బాబూ, ఫోన్ వచ్చినప్పుడు సౌండ్ ఒక్కసారిగా ఆగిపోయే బటన్ ఒకటి పెట్టగలవా? మాకు బాక్స్ కూడా వేరే, దానికీ పనిచేస్తే బాగుంటుంది."

చిప్పుకి కాళ్ళు లేవు. డొప్ప మళ్ళీ గీయాలి. ఆవిడ ఒక్కరే అడిగారు.

"మంచి ఐడియా అండీ, రాసుకుంటాను. తర్వాత చేసేదాంట్లో చూస్తాను" అన్నాను.